రోడ్డు మీద రాగిబాన

గంగికి ముక్కు మీద కోపమని రేగులగుట్ట తండాలో ఎవరినడిగినా చెబుతారు. కోపం సంగతి తర్వాత, ముందు ఆ ముక్కు సంగతి చెప్పుకోవాలి. గుట్ట అవతల వాన మొదలైతే ఇవతల వాకిట్లో కూర్చునే చెప్పేసేది. పక్కింట్లో పప్పు అడుగంటుతోందని ఆ ఇంటావిడ కంటే ముందే పసిగట్టి, గోడ మీంచి కేకేసి, చెప్పినందుకు తిట్లు కూడా తినేది. మంచి చెప్పినా తిట్టే మనుషులను ఊరికే వదులుతుందా, ఆమె కూడా నాలుగు అంటించేది. దాంతో కోపిష్టి అన్న పేరు ఖాయమైపోయింది.

బయ్యారం దాటి గుట్టల్లోకి పోతే, ఇనుపరాయి మట్టితో ఎర్రబడ్డ బాట చివర ఉంటుంది ఆ తండా. గంగి అక్కడికి కోడలుగా వచ్చినప్పుడు అత్త మోతీ ఆమెకు ఒక రాగిబాన ఇచ్చింది. పెద్ద కడుపు, చిన్న మూతి. కింద మంట పెడితే ఆవిరి మూతికి బిగించిన గొట్టంలోంచి పోయి, చన్నీళ్లలో పెట్టిన ముంతలో చుక్కచుక్కగా దిగుతుంది. ఆ రోజుల్లో దిగేది సారా. వేసవి మొదట్లో రాలే ఇప్పపూలను ఏరి, ఎండబెట్టి, నానేసి, పులియబెట్టి కాచే సారా. తండాలో అలాంటి బాన లేని ఇల్లు లేదు, దాన్ని వెతుక్కుంటూ ఆబ్కారీ వాళ్లు రాని నెల లేదు. జీపు చప్పుడు వినపడితే చాలు, బానలన్నీ గడ్డివాముల్లోకి, బావుల్లోకి, పొయ్యి కింద తవ్విన గోతుల్లోకి దిగిపోయేవి. దొరికిన బానను గడ్డపారతో పొడిచి, దొరికిన ఆడమనిషిని జీపెక్కించేవారు. మోతీ కూడా జైలు చూసి వచ్చిందే. "ఆడ అన్నం మంచిగనే పెడ్తరు తియ్" అని కోడలికి ధైర్యం చెప్పేది.

గంగి భర్త మంగ్యాను ఆ సారాయే మింగింది. కాచింది పెళ్లాం, తాగింది మొగుడు. కడుపుబ్బి, కళ్లు పచ్చబడి పోయాడు. ఆ రోజు నుంచి గంగి సారా కాచడం మానేసింది. ఆ పాడు బానను గుట్ట మీంచి దొర్లించమని తండా అంతా చెప్పింది. ఆమె వినలేదు. చింతపండు, బూడిద పెట్టి తళతళలాడేదాకా తోమి మూలన బోర్లించింది.

"తాగిన నోరు మనిషిది. కాచిన చెయ్యి నాది. బాన ఏం చేసింది?" అంది.

కొన్నేళ్లకు ఎవరో ఆఫీసర్లు వచ్చారు. సారా మానిన వాళ్లు బాగుపడాలని నిమ్మగడ్డి నారు పంచిపెట్టారు. దాని నూనెకు పట్నంలో గిరాకీ ఉందని, నూనె తీసే పెద్ద యంత్రం వెనకాలే వస్తోందని చెప్పి వెళ్లారు. గడ్డి ఏపుగా పెరిగింది. యంత్రం మాత్రం దారిలో ఎక్కడో నిద్రపోయింది. చూసి చూసి విసుగెత్తి అందరూ గడ్డి పీకేసి పత్తి పెట్టుకున్నారు. గంగి పీకలేదు. మూలనున్న బానను లాగి, అందులో కాసిని నీళ్లు పోసి, పైన గడ్డి కుక్కి, మూతికి తడిమట్టి మెత్తి మంట పెట్టింది. ముంతలో దిగిన నీళ్ల మీద పసుపుపచ్చని నూనె తేలింది. ఆ ఘాటుకు ముక్కు చిట్లించి, మంగ్యా పోయాక మొదటిసారి నవ్వింది.

ఆమె కూతురు సంగీత అప్పుడు మహబూబాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. సర్కారు కాగితాల మీద మహబూబాబాదే గానీ, జనం నోట్లో అది మానుకోట. పుస్తకం పట్టుకుంటే కళ్లు మూతలు పడుతున్నాయని ఆ పిల్ల మొత్తుకుంటే, గంగి నిమ్మగడ్డి నూనెకు తులసి నూనె కలిపి, అది చర్మాన్ని మండించకుండా నువ్వుల నూనెలో పలచన చేసి, చిన్న సీసాలో పోసిచ్చింది. మణికట్టు మీద ఒక చుక్క రాసుకుని, మబ్బు కమ్మినప్పుడల్లా వాసన చూడమంది. సంగీతకు అది అచ్చొచ్చింది. పక్క మంచాల పిల్లలూ అడిగారు. హాస్టలంతా దాన్ని సదువు సీసా అని పిలవడం మొదలుపెట్టింది. పాసైన వాళ్లు సీసా గొప్పదన్నారు, ఫెయిలైన వాళ్లు కల్తీ అన్నారు. ఆ మాట గంగి చెవిన పడింది గనక, ఫెయిలైన వాళ్లకు మళ్లీ సీసా దొరకలేదు.

తెలంగాణ ఇస్తామన్న మాట వచ్చినట్టే వచ్చి వెనక్కిపోయిన రోజులవి. హాస్టల్లో సంగీత పక్క మంచం పిల్ల, ఒకే కంచంలో తిన్న పిల్ల, తెలంగాణ ఇక రాదన్న దిగులుతో తన ప్రాణం తానే తీసుకుంది. సంగీత పుస్తకాలు అక్కడే వదిలేసి తండాకొచ్చి, గోడవైపు తిరిగి పడుకుంది. తిండి లేదు, మాట లేదు. ఏడ్చినా బాగుండును అనిపించింది తల్లికి.

గంగికి ఓదార్చడం రాదు. తిట్టడమే వచ్చు, అది ఇప్పుడు పనికిరాదు. అందుకని చేతనైన పని చేసింది. సదువు సీసా తెచ్చి పెట్టింది. పిల్ల ఆ ఘాటుకు మొహం తిప్పుకుంది. వట్టివేరు తీసుకొచ్చి కాచింది. ఆ చల్లని మట్టివాసనకు సంగీత కొంచెం నిండుగా ఊపిరి తీసుకుంది. బత్తాయి తొక్కల నూనె కలిపితే ఒకసారి ఇటు తిరిగి చూసింది, అంతే. మల్లెపూలు కూడా వేసి చూసింది. ఫలితం లేదు. గంగి పొయ్యి దగ్గర కూర్చుని చాలాసేపు ఆలోచించి, అటక మీంచి ఎండిన ఇప్పపూల మూట దించింది. సారా మానాక ఆ మూట జోలికి పోయింది లేదు. ఒక గుప్పెడు పూలు, పులియబెట్టకుండా ఉన్నవి ఉన్నట్టే, బానలో గడ్డితో పాటు వేసి ఆవిరి పట్టింది. ఆ నూనెను వట్టివేరు, బత్తాయి నూనెల్లో కలిపి, గుడ్డకు అద్ది దిండు పక్కన పెట్టింది.

పొద్దెక్కాక సంగీత గొంతు వినపడింది.

"యాడీ, చిన్నప్పుడు నన్ను బుట్టల పండవెట్టి పూలు ఏరుతుంటివి గదా. లేసి చూస్తే నా మీద నిండా పూలు రాలి ఉంటుండె."

యాడి అంటే లంబాడి మాటలో అమ్మ. ఆ మాట విని ఎన్ని రోజులైందో. గంగి పొయ్యి ముందే కూలబడి ఏడ్చేసింది, పొగ అని అబద్ధం చెప్పింది. ఆ రోజు సంగీత సంకటి తిన్నది. నూనె పనిచేసిందా, తల్లి పక్కన కూర్చోవడం పనిచేసిందా అంటే ఎవరు చెప్పగలరు? గంగి మాత్రం ఆ కలపడాన్ని మర్చిపోలేదు. దాని పేరు దిల్ సీసా.

సకల జనుల సమ్మె వచ్చేనాటికి సంగీత లేచి తిరుగుతోంది. బళ్లు మూశారు, బస్సులు నిలిచాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. మానుకోటలో స్టేషన్‌కు పోయే దారిలో దీక్షా శిబిరం వేశారు. రోజూ కొందరు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పస్తు కూర్చుంటారు. సంగీత అక్కడికి పోతానంటే గంగి కూడా వెంట నడిచింది. పిల్లను ఒక్కదాన్నే దిగులు ఉన్నచోటికి పంపదలచుకోలేదు. కొంగున సీసాలు కట్టుకుని పోయి, నీరసపడి కూర్చున్న వాళ్ల మణికట్టుకు చుక్క దిల్ నూనె, మూలన చదువుకునే పిల్లల రుమాళ్లకు చుక్క సదువు నూనె అద్దేది.

శిబిరం పక్కన చాయ్ అమ్మే ఓదెమ్మకు ఈ చుక్కల వ్యవహారం నచ్చలేదు. నూనె అన్నాక తలకు పెట్టాలి, పెడితే కారాలి అన్నది ఆమె నమ్మకం. ఒక మధ్యాహ్నం గంగి సీసాలు అక్కడ పెట్టి అటు పోగానే, నువ్వుల నూనె కలపని అసలు సీసా తీసి, దీక్షలో కూర్చున్న పెద్దమనుషులందరికీ ఆప్యాయంగా తలంటింది. నిమ్మగడ్డి ఘాటు నుదుటి మీంచి కళ్లలోకి దిగింది. శిబిరం శిబిరమంతా భోరున కన్నీళ్లు కార్చింది. సరిగ్గా అప్పుడే పేపరు విలేకరి వచ్చి ఫొటో తీసుకున్నాడు. తెలంగాణ కోసం కంటతడి అని మర్నాడు పేపర్లో వచ్చింది. గంగి ఓదెమ్మను తిట్టిన తిట్లు మాత్రం ఏ పేపర్లోనూ రాలేదు, రాయదగ్గవి కావు.

శిబిరాన్ని నడిపేది బాలనర్సయ్య సారు. సమ్మెలో ఉన్న పంతులు, మంచి మాటకారి. "మన మాటను సినిమాల్ల జోకర్లకు, గూండాలకు పెట్టిండ్రు. మన నోట్లెకెళ్లి మాట వస్తె నవ్విండ్రు. ఎందుకు సిగ్గుపడాలె మనం?" అని ఆయన మైకులో అడిగితే, గంగి అరచేతులు మండేలా చప్పట్లు కొట్టేది. తండాలో లంబాడి, ఊళ్లో తెలుగు మాట్లాడి రెండు చోట్లా వెక్కిరింపులు తిన్న మనిషి ఆమె.

ఒకనాడు ఆబ్కారీ ఇన్‌స్పెక్టర్ శిబిరం ముందు బండి ఆపాడు. ఈ చుట్టుపక్కల తండాలన్నీ గాలించిన మనిషే. గాలిని రెండుసార్లు పీల్చి లోపలికొచ్చాడు.

"ఇప్ప వాసన. నా నౌకరీ అంతా గీ వాసన ఎన్కనే తిరిగిన. ఎవలు తాగిండ్రు ఈడ?"

గంగి సీసా చూపించింది. ఆయన దాన్ని చూడలేదు, ఆమె మొహం చూశాడు. "నువ్వు రేగులగుట్ట తండా మోతీ కోడలివి గదా" అన్నాడు. అక్కడున్న వాళ్లందరికీ వినపడేలా అన్నాడు. అంతే. తెల్లారేసరికి దీక్షా శిబిరంలో సారా తాగుతున్నారన్న మాట మార్కెట్ దాకా పాకింది. సమ్మె గిట్టని వాళ్లు దానికి ఉప్పూ కారం చల్లారు.

బాలనర్సయ్య సారు గంగిని పక్కకు పిలిచాడు. సంగీత కూడా వెనకే వచ్చింది.

"గంగీ, నీ మీద నాకు అనుమానం లేదు. గని ఉద్యమానికి మచ్చ రావద్దు. ఆ ఇప్పపూలొక్కటి తీసెయ్. మల్లెపూలు వేసుకో, ఎవలు కాదంటరు?"

"ఇప్పపూలేం తప్పు జేసినయ్ సారూ?"

"తప్పని కాదు. ఆ వాసనొస్తె సారా అనుకుంటరు. మంచిగుండదు."

గంగికి ఒళ్లు మండింది. "నిన్న మైకుల ఏం చెప్తివి? మన మాటకు మనం సిగ్గుపడొద్దంటివి. నేను చప్పట్లు కొడ్తిని. గిప్పుడు నా వాసన నీకు నామోషి అయ్యిందా? మాటకో న్యాయం, వాసనకో న్యాయమా సారూ?"

సంగీత తల్లి చెయ్యి పట్టుకుంది. "యాడీ, తీసేద్దాం పా. ఎందుకు పరేషాన్?"

"నువ్వు గోడ దిక్కు మర్లి పండుకున్ననాడు మల్లెపూలు గుడ వేసిన బిడ్డా. నువ్వు లేవలే. గీ పూలకే లేసినవ్. గిదే తీసేస్తె దాంట్ల ఇంకేముంటది?"

సంగీత చెయ్యి వదలలేదు, మళ్లీ తీసేద్దామని కూడా అనలేదు. సారు నేల చూపులు చూస్తూ, పోనీ కొన్నాళ్లు సీసాలు శిబిరంలోకి తేవద్దన్నాడు.

"మంచిది. శిబిరం నీది" అంది గంగి కొంగు బిగిస్తూ. "రోడ్డు అందరిది."

ఆ మాటకు అర్థం వంటావార్పు రోజున తెలిసింది. ఆ రోజు జనం పొయ్యిలు రోడ్డు మీదికి తెచ్చుకుని, అక్కడే వండుకుని, అక్కడే తింటారు. ఇక బండ్లు ఎలా పోతాయి? పోవు. అదే నిరసన. తొర్రూరు పోయే రోడ్డు పొడుగునా వాడకో పొయ్యి వెలిగింది. ఒకచోట పప్పు, ఒకచోట పులిహోర, ఒకచోట మటన్ కూడా. వాటి నడుమ, నెత్తిన రాగిబాన పెట్టుకుని గంగి వచ్చింది. వెనక సంగీత గడ్డిమోపుతో, ఓదెమ్మ కట్టెలతో. ఓదెమ్మ తలంటు పాపం కడుక్కునే పనిలో ఉంది.

నడిరోడ్డు మీద మూడు రాళ్లు పెట్టి గంగి బాన ఎక్కించింది. అందరూ చూస్తుండగా గడ్డి కుక్కింది. మూట విప్పి ఇప్పపూలు రెండు దోసిళ్లు వేసింది, మామూలుగా వేసేదానికంటే ఎక్కువే వేసింది. మంట రాజుకుంది. కాసేపటికి ఆ తియ్యటి, బరువైన వాసన పప్పునూ పులిహోరనూ పక్కకు నెట్టి రోడ్డంతా ఆక్రమించింది. ఇన్‌స్పెక్టర్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"బహిరంగంగ కాస్తున్నవా? ఎంత ధైర్యమే నీకు?"

"దాసుకొని కాస్తె దొంగతనమంటివి. ఎదురుంగ కాస్తె ధైర్యమంటివి. గట్లనే అను, నాకు మంచిగనిపిస్తుంది."

ముంతలో దిగిన దాన్ని గ్లాసులో పోసి చూపింది. నూనె నీళ్ల మీద విడిగా తేలింది. సారా అయితే నీళ్లలో కలిసిపోయేది, అది ఆయనకూ తెలుసు. కానీ ఇంతమందిలో వెనక్కి తగ్గడం ఆయనకు చేతకాలేదు. పరీక్షకు పంపాలని చెప్పి, వేడివేడి బానను నీళ్లు చల్లించి జీపులో వేయించుకున్నాడు. బాలనర్సయ్య సారు అక్కడే ఆకు ముందు కూర్చుని ఉన్నాడు. గంగి ఇన్‌స్పెక్టర్‌ను చూడలేదు, సారు మొహమే చూసింది. ఆ చూపుకు ఆయన తినబోతున్న ముద్ద ఆకులో పెట్టేసి వెళ్లిపోయాడు.

నెత్తిన బాన లేకుండా తండాకు తిరిగి రావడం గంగికి చాలా కష్టమైంది. బాన పోతే నూనె పోయింది, నూనె పోతే తాను సారా కాచే ఆడదిగానే మిగిలిపోయింది. ఇంటింటికీ తిరిగి అడిగింది. మళ్లా వంటావార్పు ఉంది, దాచిన బానలు బయటికి తియ్యండి, అందరం కలిసి నూనె కాద్దాం అంది. తండా పెద్ద జాల్యా చేతులు జోడించాడు. "బానలా? మా దగ్గర బానలు యాడియి గంగీ? ఎన్నడో పాయె" అన్నాడు. ఆయన ఇంటి గడ్డివాములోంచి రాగి అంచు తొంగిచూస్తూనే ఉంది. భయపడ్డ వాళ్లను ఎంతని తిడుతుంది? గొంతు పోయేదాకా తిట్టి, ఇంటికొచ్చి వాకిట్లో కూర్చుంది.

అత్త మోతీ అప్పటికి పళ్లన్నీ ఊడి, మంచానికీ వాకిలికీ మధ్యే తిరుగుతోంది. ఇంట్లో వాళ్ల మాటలు లంబాడిలోనే సాగుతాయి, మనం తెలుగులో చెప్పుకుందాం.

"ఏడుస్తున్నవా?" అంది మోతీ.

"నేనెందుకేడుస్త?"

"ఏడిస్తె ఏడ్వు గని, జర ఆ పొయ్యి కింద తవ్వు."

గంగి తవ్వింది. మూరెడు లోతున, గోనెసంచిలో చుట్టి, ఇంకో రాగిబాన. కోడలికిచ్చిన దానికంటే పెద్దది. ఇన్నేళ్లు దాని మీదే వంట చేస్తూ గంగి కనిపెట్టలేకపోయింది! అంత గొప్ప ముక్కూ పనికిరాలేదు.

"గీ మాట నాకెందుకు చెప్పలేదే ముసలీ?"

"నువ్వు బానతోటి ఏం జేస్తవో సూద్దామనుకున్న. సూసిన" అంది మోతీ.

మళ్లీ వంటావార్పు రోజు వచ్చింది. ముసలి మోతీ కట్టె ఊతంగా ముందు నడుస్తుంటే, గంగి నెత్తిన బానతో తండా నడిబాటలోంచే పోయింది. జైలుకు పోయి వచ్చిన ముసలిదే భయపడకుండా పోతుంటే తలుపు చాటున నిలబడి చూడటం ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది. ముందు జాల్యా పెళ్లాం, మొగుడు వద్దంటున్నా వినకుండా గడ్డివాము కూలదోసింది. తర్వాత ఎవరో బావిలోకి మోకు వేశారు. ముసలిదానితో సహా అందరూ బయ్యారంలో ట్రాక్టరెక్కి మానుకోటలో దిగారు.

రోడ్డు మీద పొయ్యిలు వెలిగేసరికి పప్పుల వాళ్లూ పులిహోరల వాళ్లూ లేచి నిలబడి చూశారు. తండా ఆడవాళ్లు అద్దాల రవికెలతో, నెత్తిన బానలతో బారులు తీరి వస్తున్నారు. కొన్ని సొట్టలు పడ్డవి, కొన్ని గడ్డపార పోట్లకు మాట్లు వేసినవి, కొన్నిటికి బావి నాచు ఇంకా పోలేదు. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా పెట్టి, గంగి పొలంలోని గడ్డి పంచుకుని, ఎవరి ఇంటి ఇప్పపూలు వాళ్లు వేసుకుని మంటలు పెట్టారు. బాలనర్సయ్య సారు మైకు దగ్గర్నుంచి దిగివచ్చాడు. గంగి పొయ్యి ముందు గొంతుక్కూర్చుని కట్టెలు లోపలికి తోశాడు. ఆమె ఆయన మణికట్టు లాక్కుని దిల్ నూనె చుక్క రాసింది.

"ఏం వాసనొస్తుంది సారూ?"

"ఇప్పపువ్వు" అన్నాడాయన. మైకులో అన్నట్టే, గట్టిగా అన్నాడు.

"నామోషి లేదు గదా?"

"ఉండె. తప్పయ్యింది గంగీ."

జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ దిగి, ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. ఒక్క బాన పట్టే జీపది. సంగీత తల్లి పక్కకొచ్చి నిలబడి, అందరి ముందూ దిల్ నూనె అద్దిన రుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని నిండుగా ఊపిరి తీసుకుంది. ఆయన టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

"గిన్ని బానలా! ఇన్నేండ్లసంది తండా తండా తిరిగిన, ఒకటో రెండో దొరుకుతుండె. యాడియే ఇవన్నీ?"

గంగి పొయ్యిలోకి ఇంకో కట్టె నెట్టి, లేచి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"నువ్వెతికిన బానలే సారూ. ఇయ్యాల మేమే తెచ్చినం. ఏ జీపుల ఎక్కిస్తవో ఎక్కియ్యి."